నడుం ఆపరేషన్‌కి తలూపే ముందు



నేను స్పిన్నింగ్ మిల్లులో 31 ఏండ్లు రింగ్ ఫ్రేమ్ ఖాతాలో పని చేసి దిగినవాణ్ణి. చదువు అయిదో తరగతి. వైద్యం చెప్పేంత వాణ్ణి కాదు. అయినా ఇది రాస్తా ఉండాను, ఎందుకంటే మన ఇండ్లలో నడుం నొప్పి లేని ఇల్లు లేదు. తిరుత్తణి, పొదటూరుపేట, పళ్ళిపట్టు పక్క మరమగ్గాల షెడ్డుల్లో చూసినా, తిరువళ్ళూరు పక్క మిల్లు క్వార్టర్సుల్లో చూసినా, యాభై దాటిన మనిషి నడుం మీద చెయ్యి పెట్టుకోకుండా లేచేది అరుదు. ఈ రెండేండ్లలో మన వాళ్ళు నలుగురైదుగురికి డాక్టర్లు "వెన్నులో స్క్రూలు వేయాల" అని చెప్పినారు. నాకూ చెప్పినారు. అప్పుడు నేను ఏమి చేసినాను, ఏమి తెలుసుకున్నాను అనేది ఇక్కడ రాస్తాను. మీకు ఆ మాట చెప్పిన రోజున ఉపయోగపడతుంది.

పోయిన సంవత్సరం ఎండాకాలంలో నా నొప్పి జాస్తి అయింది. నడుంలో మొదలయ్యి ఎడమ పిరుదు, తొడ, పిక్క దాకా లాగేది. పొద్దున చెంబు పట్టుకొని వంగితే మళ్ళ లేవడానికి గోడ కావాల. ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయినాము. ఎమ్మారై తీసినారు. డాక్టరు ఆ ఫిలిం వెలుతురులో పెట్టి చూపించి, "కింద మూడు డిస్కులు అరిగిపోయినాయి. మూడు లెవెల్ ఫ్యూజన్ చెయ్యాల. నాలుగున్నర లక్షలు అవుతుంది. వారంలో చెప్పండి" అన్నాడు. లోపల ఉన్నది పది నిమిషాలు. నా కాళ్ళు తట్టి చూసింది లేదు, నడిపించి చూసింది లేదు.

ఇంటికి వచ్చినాక నా కొడుకు అన్నాడు: "నాయనా, ఒక మగ్గం అమ్మేస్తాను. నువ్వు యోచన చెయ్యవద్దు." వాడికి ఉండేది రెండు మరమగ్గాలు. ఆ రెండింటి మీద అయిదు మంది తింటా ఉండాము. ఒక మగ్గం పోతే సగం కూడు పోయినట్టే. నా ఆడమనిషి మాత్రం, "మగ్గం పోతే మళ్ళ కొనచ్చు, నువ్వు మంచాన పడితే ఎవరు కొనిస్తారు" అని ఏడ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నొప్పి సగం, ఈ మాట సగం.

వెన్నులో ఏమి జరుగుతుంది?

మన వెన్నులో మెడ దగ్గర 7, వీపులో 12, నడుంలో 5, మొత్తం 24 కదిలే పూసలు ఉండాయి. వాటి నడుమ మెత్తటి బిళ్ళలు 23. వాటినే డిస్కు అంటారు. బిళ్ళకు చుట్టూ గట్టి పట్టీ, లోపల జిగురు లాంటి పదార్థం. వయసులో ఆ జిగురు నిండా నీళ్ళుంటాయి. వయసు పోయేకొద్దీ నీరు తగ్గుతుంది, బిళ్ళ పల్చనవుతుంది, పట్టీ చీలుతుంది. మిషన్‌లో రబ్బరు బుష్ అరిగితే ఇనుమూ ఇనుమూ రాసుకున్నట్టు పూసలు దగ్గరవుతాయి. కొందరికి ఆ బిళ్ళ వెనక్కి పొడుచుకొని వచ్చి కాలికి పోయే నరాన్ని నొక్కుతుంది. కొందరికి ఎముక పెరిగి నరాలు పోయే దారే ఇరుకు అవుతుంది. ఎక్కువ భారం పడేది నడుం కింది భాగం మీదనే. అందుకే నాలుగో పూస, అయిదో పూస, త్రికం ఎముక, వాటి నడుమ ఉండే బిళ్ళలే ముందు దెబ్బ తింటాయి.

ఇదంతా మిల్లు పాపమే అని నేను అనుకుంటా ఉన్నాను. నిండిన బాబిన్లు దించడం, భీములు ఎత్తడం, ఎనిమిది గంటలు సిమెంటు నేల మీద నిలబడటం, దానికి తోడు నైట్ షిఫ్టు. అందులో నిజం ఉంది. కాని మొత్తం నిజం కాదు. ఫిన్లాండు దేశంలో కవల పిల్లలను ఏండ్ల తరబడి పరీక్ష చేసి చూసినారు. ఒకడు బరువు పని, ఒకడు కుర్చీ పని చేసినా బిళ్ళల అరుగుదల ఇద్దరికీ చాలావరకు ఒకే తీరుగా ఉండిందంట. పని కన్నా పుట్టుక పాలే ఎక్కువ అని తేల్చినారు. మా తమ్ముడు ఏనాడూ మిల్లు గడప తొక్కలేదు. రేషన్ షాపులో పద్దులు రాసినాడు. వాడికీ ఇదే నడుం. మా నాయనకూ ఇదే. కాబట్టి మన పిల్లల్ని మగ్గం ముట్టద్దు అని భయపెట్టాల్సిన పని లేదు. ఎత్తే పద్ధతి నేర్పిస్తే చాలు: మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పెట్టుకొని ఎత్తాల, ఎత్తేటప్పుడు నడుం తిప్పకూడదు.

ఫిలింలో కనపడేదంతా నొప్పి కాదు

ఇది నేను తెలుసుకున్న పెద్ద సంగతి. నా మనవరాలు నర్సింగ్ చదువుతా ఉండాది. ఆ పిల్ల చదివి చెప్పింది. 2015లో వచ్చిన ఒక పరిశీలనలో, నడుం నొప్పి అసలే లేని 3110 మంది ఫిలింలు లెక్క తీసినారు. 20 ఏండ్ల వాళ్ళలోనే నూటికి 37 మందికి బిళ్ళ అరిగి ఉండాది. 50 ఏండ్ల వాళ్ళలో నూటికి 80 మందికి, 60 ఏండ్ల వాళ్ళలో 88 మందికి. వీళ్ళెవరికీ నొప్పి లేదు. అంటే నా వయసులో ఎవరి ఫిలిం తీసినా "అరిగింది" అనే వస్తుంది. జుట్టు నెరిసినట్టు, చర్మం ముడత పడినట్టు బిళ్ళ కూడా ముసలిదవుతుంది. ఫిలింలో మూడు బిళ్ళలు చెడిపోయినాయి అన్నంత మాత్రాన మూడూ నొప్పి పెడుతున్నట్టు లెక్క కాదు. ఫిలిం చెప్పేదీ, మన ఒళ్ళు చెప్పేదీ ఒకటిగా కలవాల. అది కలపాలంటే డాక్టరు మన కాలు పట్టి చూడాల.

రెండో డాక్టరు దగ్గర

మా పక్కింటి అన్న, "ఇంకొక డాక్టర్ని అడగకుండా మగ్గం మీద చెయ్యి వెయ్యద్దు" అన్నాడు. తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కి చెన్నై పోయినాము. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చీటీ తీసుకొని మధ్యాహ్నం దాకా వరసలో ఉన్నాము. డాక్టరమ్మ చిన్న వయసు. ఫిలిం ముట్టుకోకముందే తమిళంలో అడిగింది: "అయ్యా, ఎక్కువ నొప్పి నడుంలోనా, కాలులోనా?" నేను నడుమే అన్నాను. మడమల మీద నడవమంది. మునివేళ్ళ మీద నడవమంది. పండబెట్టి కాలు చాపి పైకెత్తింది. బొటనవేలు వెనక్కి లాగమని, తన చేత్తో కిందికి నొక్కి చూసింది. ఒంటికి, రెంటికి పోవడంలో తేడా ఉందా అని అడిగింది. ఆ తరువాతే ఫిలిం చూసింది.

ఆమె చెప్పింది ఇది. "మూడు బిళ్ళలూ అరిగినాయి, నిజమే. కాని నరం నొక్కుకుంటున్నది ఒక చోటనే. నీ కాలులో బలం తగ్గలేదు. తొందర లేదు. కాలి నొప్పికి ఆపరేషన్ బాగా పని చేస్తుంది. ఉత్త నడుం నొప్పికి ఫ్యూజన్ చేస్తే కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ముందు మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చెయ్యి. ఆ తరువాత మాట్లాడుదాం."

నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క అనుమానం. ఉచితం కాబట్టి వదిలించుకుంటా ఉందా అని కూడా అనుకున్నాను. దాచకుండా రాస్తా ఉండాను. అందుకే మనవరాలి చేత ఇంకా చదివించినాను.

వేరే దేశాల్లో ఏమి చూసినారు?

2001లో స్వీడన్‌లో 294 మందిని తీసుకొని కొందరికి ఫ్యూజన్ చేసినారు, కొందరికి మామూలు ఫిజియోథెరపీ ఇచ్చినారు. రెండేండ్లకు ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి 63 మంది మేలు అన్నారు. మిగతావాళ్ళలో 29 మందే అన్నారు. అంటే ఆపరేషన్ గెలిచింది. కాని 2003లో నార్వేలోనూ, 2005లో 349 మందితో బ్రిటన్‌లోనూ చూసినప్పుడు లెక్క మారింది. అక్కడ ఆపరేషన్ చెయ్యనివాళ్ళకు ఏదో నాలుగు రోజులు కరెంటు పెట్టి పంపలేదు. వారాల తరబడి గట్టిగా వ్యాయామం చేయించి, నొప్పి అంటే భయం పోయేలా మాట్లాడినారు. అట్ల చేసినవాళ్ళకూ ఆపరేషన్ అయినవాళ్ళకూ పెద్ద తేడా లేదు. మొక్కుబడి వ్యాయామం ఓడిపోయింది, మనసు పెట్టి చేసిన వ్యాయామం నిలబడింది అని నేను అర్థం చేసుకున్నాను. ఇంకొక సంగతి ఏమంటే, ఇవి ఎక్కువగా ఒకటి, రెండు లెవెల్‌లు చేసిన లెక్కలు. మూడు, నాలుగు లెవెల్‌లంటే ఆపరేషన్ పెద్దది, ప్రమాదమూ పెద్దదే.

నరాల దారి ఇరుకైనవాళ్ళ సంగతి వేరే. వాళ్ళకు నాలుగు అడుగులు నడిస్తే కాళ్ళు మొద్దుబారతాయి, కూర్చుంటే తగ్గుతుంది. సైకిలు హ్యాండిల్ మీద వంగి తోసుకుంటా పోతే బాగానే పోతారు, నిటారుగా నడిస్తేనే కష్టం. వీళ్ళకు ఇరుకు తీసేసి నరాన్ని వదిలించే ఆపరేషన్ మంచిది. దానికి తోడు స్క్రూలు కూడా వేస్తే అదనంగా మేలు ఉందా అని స్వీడన్‌లోనే 2016లో 247 మందిని చూసినారు. రెండేండ్లకు తేడా కనపడలేదు. కాబట్టి "నరం వదిలిస్తే చాలా, స్క్రూలు కూడా కావాలా" అని అడగడం మన హక్కు.

ఫ్యూజన్ అంటే

బోర్లా పండబెట్టి వీపు తెరిచి, పూసకు రెండు పక్కలా స్క్రూలు వేసి, కడ్డీలతో కలిపి, నడుమ ఎముక ముక్కలు పేరుస్తారు. మూడు లెవెల్‌లంటే నాలుగు పూసలు, ఎనిమిది స్క్రూలు. స్క్రూలు ఊరికే పట్టి ఉంచడానికే. అసలు పని ఆ ఎముక ముక్కలు పెరిగి నాలుగు పూసలూ ఒకే ఎముకగా అతుక్కోవడం. దానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అతుక్కోకపోతే స్క్రూలు వదులవుతాయి, విరుగుతాయి కూడా. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు ఎముక అతుక్కునేది తక్కువ. షుగరు అదుపులో లేకపోతే పుండు చీము పట్టే భయం. ఎముక గుల్ల అయినవాళ్ళకు స్క్రూ పట్టు నిలవదు.

బాగా అతుక్కున్నా, ఆ భాగం ఇంక వంగదు. నేల మీద బాసిపట్టు వేసుకొని తినడం, నేల కక్కసులో కూర్చోవడం, మగ్గం కింద దూరి దారం ముడి వెయ్యడం, ఇవన్నీ కష్టమవుతాయి. కింద వంగని భారమంతా పై బిళ్ళ మీద పడి, కొన్నేండ్లకు అది అరిగి మళ్ళ ఆపరేషన్ అవసరమైనవాళ్ళూ ఉంటారు. మన ఇండ్లలో కుర్చీ కక్కసు ఎన్నిటికి ఉంది? ఆపరేషన్ ఖర్చు లెక్క వేసేటప్పుడు దాన్ని కూడా వేసుకోవాల.

ఆపరేషన్ చెడ్డది కాదు

ఇది చదివి ఎవరూ ఆపరేషనే వద్దు అనుకోకూడదు. మా వీధి చివర ఒక అక్కకు పూస ముందుకు జారింది. రెండు కాళ్ళూ పట్టు తప్పినాయి. ఆమెకు ఒక లెవెల్ ఫ్యూజన్ చేసినారు. ఇప్పుడు నిలబడి వండుతుంది, గుడికి పోతుంది. పూస జారి నిలకడ లేనప్పుడు, విరిగినప్పుడు, గడ్డ లేచినప్పుడు, వెన్ను బాగా వంకర పోయినప్పుడు స్క్రూలు ప్రాణం నిలిపే పని. వెన్నుకు టీబీ కూడా వస్తుంది, మన పక్క అది తక్కువ లేదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే దానికి పరీక్ష చేయించాల. చాలామందికి అది మాత్రలతోనే నయమవుతుంది.

ఇంకొకాయన కథ వేరే. మా ఖాతాలో నాతో పని చేసినవాడే. ఒక రాత్రి పిరుదుల నడుమ స్పర్శ పోయింది, మూత్రం రాలేదు. "పొద్దున చూద్దాం" అని రెండు రోజులు ఉన్నాడు. ఆపరేషన్ చేసినా నరం తిరిగి రాలేదు. ఇప్పటికీ ట్యూబుతోనే మూత్రం. అందుకే గట్టిగా రాస్తా ఉండాను: మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం వేలాడినా, ఒక గంట కూడా ఆలస్యం చెయ్యద్దండి. 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు రెండో డాక్టరు, మూడో డాక్టరు అనే మాట లేదు.

మనం చేసే తప్పులు

మందుల షాపులో చెప్పి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగుతాము. షుగరు, బీపీ ఉండే మనలాంటి వాళ్ళకు అవి కిడ్నీనీ, కడుపునూ తింటాయి. నడుంకి బెల్టు కట్టుకొని తీయనే తీయము. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నడుం నొప్పికి సలహాలు ఇచ్చింది. అందులో వ్యాయామం, జబ్బు గురించి తెలియజెప్పడం మంచిదని ఉంది. బెల్టులు, నడుం లాగే ట్రాక్షన్ మామూలుగా వాడద్దని ఉంది. మంచం పట్టి పడుకోవడమూ తప్పే. కదలకపోతే కండ కరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది.

నేను పుత్తూరు కట్టుకి కూడా పోయినాను. అక్కడ ఒక పెద్దాయన నా మాట అంతా విని, "విరిగిన ఎముకకు కట్టు. నీది విరిగింది కాదు, అరిగింది. కట్టి లాభం లేదు" అని పంపేసినాడు. ఆ నిజాయితీకి దండం పెట్టినాను. నా ఆడమనిషి అమావాస్యకు తిరువళ్ళూరు పోయి వైద్య వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కరిగించి వచ్చింది. దానికి నేను అడ్డం చెప్పలేదు. నమ్మకం మనసుకు బలం, వ్యాయామం నడుంకి బలం. రెండూ ఉండనీ.

డబ్బు సంగతి

మగ్గం అమ్మే ముందు ఇవి చూసుకోండి. ముఖ్యమంత్రి కాప్పీట్టు కార్డుంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. రేషన్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆధార్ తీసుకొని కలెక్టరు ఆఫీసులో ఉండే కౌంటరుకు పోవాల. మీకు చెప్పిన ఆపరేషన్‌కి, మీరు పోయే ఆసుపత్రికి అది చెల్లుతుందా అని ముందే అడగాల. 70 దాటినవాళ్ళకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తా ఉండారు. మనలో చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. కనీసం అయిదేండ్లు ఈఎస్ఐలో ఉండి వయసు మీద దిగిపోయినవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే, తనకూ భార్యకూ లేదా భర్తకూ ఈఎస్ఐ వైద్యం సాగుతుంది. నేను ఆరేండ్లు అది తెలియక పోగొట్టుకున్నాను. ఇల్లు కదలలేనివాళ్ళకు "మక్కళై తేడి మరుత్తువం" కింద ఫిజియోథెరపీ ఇంటికే వస్తుంది. 2021 ఆగస్టులో మొదలైంది. మీ ఊరి నర్సమ్మను అడగండి.

డాక్టరుని అడగాల్సినవి

నొప్పి ఏ బిళ్ళ వల్ల, ఎట్ల తెలిసింది? నా కాలు బలం తగ్గిందా? మూడు లెవెల్‌లు ఎందుకు, ఒకటి చాలదా? స్క్రూలు లేకుండా నరం వదిలిస్తే చాలదా? తగ్గేది కాలి నొప్పా, నడుం నొప్పా? ఆరు నెలలు ఆగితే ఏమి నష్టం? ఆపరేషన్ తరువాత ఎన్ని నెలలు పని చెయ్యకూడదు? సంతకం పెట్టే కాగితం తమిళంలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మనకు రెండూ సగం సగం. చదువుకున్న పిల్లని పక్కన పెట్టుకొని, ప్రతి మాటా చెప్పించుకొని సంతకం పెట్టండి. అడిగితే కోప్పడే డాక్టరైతే, ఇంకొక డాక్టరు ఉండాడు.

ఇప్పుడు నా సంగతి. ఏడు నెలలుగా రోజూ పొద్దున ఇరవై నిమిషాలు నేర్పించిన వ్యాయామాలు, సాయంత్రం నడక. మొదటి నెల నొప్పి పెరిగింది, మానేద్దామనుకున్నాను. అప్పుడు రేషన్ షాపు దాకా పోయి రెండు చోట్ల కూర్చునేవాణ్ణి. ఇప్పుడు తిరుత్తణి స్టేషన్ దాకా ఆగకుండా పోయి వస్తా ఉండాను. నడుం నొప్పి పోలేదు, సగం ఉంది. కాలు లాగడం తగ్గింది. బీడీ మానేసినాను, అదొక లాభం. మూడు నెలలకు ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి పోయి మడమల మీద నడిచి చూపిస్తాను. కాలు బలం తగ్గినా, నడక తగ్గినా ఆ ఒక్క చోట నరం వదిలించే ఆపరేషన్‌కి ఒప్పుకుంటానని ఇంట్లో మాట ఇచ్చినాను. దానికి మగ్గం అమ్మే పని లేదు. మూడు లెవెల్‌ల మాట ఇప్పటికి పక్కన పెట్టినాము.

తిరుత్తణి కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. నేను మెట్ల మీద కొండెక్కి నాలుగేండ్లయింది. ఆడికృత్తికకు నా పేరు మీద కావడి మొక్కింది నా ఆడమనిషి. మోసేది కొడుకు. నేను ఈసారి మెట్లు ఎక్కలేను, బస్సులోనే పోతాను. అయినా మొన్న ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పోయి ముప్పై మెట్లు ఎక్కి దిగినాను. మరుసటి రోజు లేచి నడక మానలేదు.

మీలో ఎవరికైనా ఈ మాట చెప్పి ఉంటే, ఫిలిం తీసుకొని మా ఇంటికి రండి. వైద్యం చెప్పను. ఏ చీటీ ఎక్కడ తియ్యాలో, ఎవరిని ఏమి అడగాలో చెప్తాను. కావాలంటే చెన్నై దాకా తోడు వస్తాను. ఎట్లాగూ నాకు నడక కావాల.